స్క్రూ బిగించడానికి పట్నం పోవాలా?

ట్రాక్టరుకు రోటవేటర్ బ్లేడు బోల్టు వదులైతే రైతు ఏం చేస్తాడు? స్పానర్ తీసుకుని అక్కడే గట్టిగా బిగిస్తాడు, స్ప్రింగ్ వాషర్ అరిగిపోతే కొత్తది వేస్తాడు. అర్ధరాత్రి కరెంటొచ్చినప్పుడు స్టార్టర్ డబ్బాలో వైరు ఊడితే టార్చిలైటు నోట్లో పెట్టుకుని స్క్రూ బిగించేదీ రైతే. ఎవరూ అభ్యంతరం చెప్పరు. అదే రైతు పంట కాపాడుకోవడానికి సర్కారే ఇచ్చిన లైసెన్సు తుపాకీకి ఒక స్క్రూ వదులైతే మాత్రం దాని మీద చెయ్యి పెట్టాలంటే వణకాలి. ఎందుకు వణకాలి అన్నదే నా ప్రశ్న.

మా ఊళ్లో ఒక పెద్దాయన దగ్గర 315 బోర్ రైఫిల్ ఉంది. పాతకాలం లైసెన్సు, తండ్రి నుంచి వచ్చింది. మాది అడవి అంచు ఊరు. పల్లి వేస్తే పంది తవ్వుతది, మక్క వేస్తే పాలకంకి మీద పడతది. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ రాగానే అందరితో పాటు పెద్దాయన కూడా తుపాకీని స్టేషన్‌లో అప్పజెప్పాడు. జూన్‌లో లెక్కింపు అయిపోయాక తెచ్చుకున్నాడు. ఏప్రిల్, మే ఎండలంతా రేకుల గదిలో నిలబెట్టిన తుపాకీ అది. కర్రకు ఎండ తగిలితే కుంచించుకుపోతుంది, కర్ర కుంచించుకుంటే దాన్ని పట్టి ఉంచే స్క్రూ వదులవుతుంది. నాగలి కర్రకూ, గొడ్డలి కామకూ ఏమవుతుందో దీనికీ అదే. ఇంటికొచ్చి చూస్తే ట్రిగ్గర్ గార్డు గలగలలాడుతోంది.

తిరిగి స్టేషన్‌కు పోయి చూపిస్తే అక్కడి కానిస్టేబుల్ మంచి మాటగానే చెప్పాడు. "తాతా, దాని మీద నువ్వు చెయ్యి పెట్టకు. రిపేరు కిందికొస్తే కేసయితది."

ఆ కానిస్టేబుల్ తప్పేమీ లేదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ చూడండి. లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయకూడదు, అమ్మకూడదు, మార్చకూడదు, మరమ్మతు చేయకూడదు. అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. 2019 సవరణ తర్వాత ఆ సెక్షన్ మీరితే శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోతుంది. దొంగ తుపాకులు తయారు చేసే ముఠాలను దృష్టిలో పెట్టుకుని పెంచిన శిక్ష అది, దానికి మనం వ్యతిరేకం కాదు. కానీ మరమ్మతు అంటే ఎక్కడ మొదలవుతుంది? గుడ్డతో తుడిస్తే మరమ్మతా? గొట్టంలో నూనె పూస్తే మరమ్మతా? కదులుతున్న స్క్రూను దాని చోట్లోనే అరచుట్టు తిప్పితే మరమ్మతా? అది సంరక్షణ అని మామూలు బుద్ధి చెబుతుంది. కానీ ఆ ముక్క రాసిచ్చిన అధికారి నాకు ఇంతవరకు తగల్లేదు. రాసిచ్చేవాడు లేనప్పుడు డెబ్బై ఏళ్ల మనిషి ఏ ధైర్యంతో స్క్రూడ్రైవర్ పట్టుకుంటాడు?

సరే, లైసెన్సున్న షాపుకు పోదామంటే మా జిల్లాలో అలాంటి షాపు లేదు, పట్నం పోవాలి. పెద్దాయన లైసెన్సు మీద జిల్లా వరకే అని ఉంది. జిల్లా దాటించాలంటే మళ్లీ ఒక అనుమతి. దానికి దరఖాస్తు, ఆఫీసుకు మూడు తిరుగుళ్లు. ఈలోగా ఆగస్టు వచ్చింది, మక్క పాలు పోసుకుంది, పందులు దిగాయి. ఎన్నాళ్లుగానో అడుగుతున్న అటవీశాఖ కాగితం కూడా అప్పుడే వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ ప్రకారం పంటకు నష్టం చేసే పందిని కొట్టడానికి అనుమతి, గడువు పదిహేను రోజులు. తుపాకీ పట్నం పోయి తిరిగొచ్చేసరికి ఆ గడువు దాటింది, రెండెకరాల మక్క నేలకొరిగింది. షాపులో మిస్త్రీ ఆ స్క్రూ బిగించడానికి పట్టిన టైము ఒక చాయ్ తాగినంత. మూడు వందలు తీసుకున్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు మన పెద్దలు. ఇక్కడ గొడ్డలి దొరకడానికే రెండు నెలలు పట్టింది.

తోడుకు నేనూ పోయాను కాబట్టి ఆ మిస్త్రీని అడిగి కొన్ని తెలుసుకున్నాను. మన సభ్యుల్లో లైసెన్సున్నవాళ్లకు తెలియాల్సినవి.

వదులైన స్క్రూతో కాల్చడం ఎంత ప్రమాదమో మొదట చెప్పాడు. ఆ తుపాకీలో ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ గార్డును మాత్రమే పట్టుకోదు, కర్రనూ ఇనుమునూ కలిపి పట్టేది అదే. అది కదిలితే ప్రతి గుండూ ఒక్కో చోటికి పోతుంది. సైటు స్క్రూ వదులైనా అంతే. గురి తప్పితే పంది చావదు, గాయపడుతుంది. గాయపడ్డ పంది మనిషి మీదికి ఎలా వస్తుందో అడవి అంచున ఉన్నోళ్లకు నేను చెప్పక్కర్లేదు. రైఫిల్ గుండు చాలా దూరం పోతుంది, పక్క చేలో మనిషి ఉంటాడు. అంటే స్క్రూ బిగించుకోవడం సరదా కాదు, లైసెన్సుదారు బాధ్యత.

ఎలా బిగించాలో కూడా చెప్పాడు. ముందు తూటాలు వేరే గదిలో పెట్టాలి. మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, గొట్టం మొదట్లో తూటా ఉందో లేదో కంటితో చూడాలి, వేలు పెట్టి కూడా చూడాలి. స్క్రూ తల గాడికి నిండుగా పట్టే స్క్రూడ్రైవరే వాడాలి. సన్నదైతే జారి గాడి చెడిపోతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. స్క్రూ మాటిమాటికీ వదులవుతుంటే దాని మరల్లో పాత నూనె, మట్టి పూర్తిగా తుడవాలి. సైటు, స్కోపు పట్టీల చిన్న స్క్రూలకు నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక్క చుక్క చాలు. ఎర్రది వాడితే మళ్లీ ఊడదీయాలంటే వేడి చేయాల్సి వస్తుంది. బిగించాక ఒక రోజు కదపకుండా ఉంచాలి. బలమంతా పెట్టి తిప్పొద్దు, చిన్న స్క్రూ తల తెగుతుంది. చివరికి ఒక చిట్కా చెప్పాడు. స్క్రూ తల మీది నుంచి పక్క ఇనుము మీదికి గోళ్ల రంగుతో సన్నగా ఒక గీత గీయమన్నాడు. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే స్క్రూ కదిలినట్టే. పెద్దాయన మనవరాలి గోళ్ల రంగు సీసా ఇప్పుడు బీరువాలో తుపాకీ పక్కనే ఉంటోంది!

ట్రిగ్గర్ లోపలి భాగాలు, బోల్టు, గొట్టం, వీటి జోలికి మాత్రం పోవద్దన్నాడు. అక్కడ చెడితే షాపుకే రావాలి. ఆ గీత నాకు న్యాయంగానే తోచింది. చదువుకున్న అధికారులు గీయలేని గీతను ఒక మిస్త్రీ రెండు మాటల్లో గీశాడు.

మన తప్పులు కూడా చెప్పుకోవాలి. ఫెవిక్విక్ పోసి, ఎంసీల్ పెట్టి, బైండింగ్ వైరు చుట్టి తుపాకీ పట్టుకు తిరిగేవాళ్లను నేను చూశాను. అది మోటు పని. సర్కారు భయపడేది ఇలాంటివాళ్లను చూసే. అంతకన్నా ఘోరం, చేను చుట్టూ కరెంటు తీగ పెట్టేవాళ్లు. ఆ తీగకు పందికన్నా ముందు మనుషులు బలైన ఊళ్లెన్నో ఉన్నాయి. పొద్దున నీళ్లు కట్టడానికి పోయిన రైతు తన తమ్ముడు పెట్టిన తీగకే చచ్చిపోతే ఎవరిని నిందించాలి? చట్టబద్ధమైన దారి ఇరుకైన కొద్దీ ఈ దొంగదారి వెడల్పవుతుంది. తుపాకీ అంటే ఉలిక్కిపడే అధికారులు ఈ సంగతి ఎందుకు ఆలోచించరు?

కేరళ 2022 మేలో స్థానిక సంస్థల అధ్యక్షులకు గౌరవ వైల్డ్‌లైఫ్ వార్డెన్ హోదా ఇచ్చింది. పంటలు పాడు చేసే పందిని కాల్చే అనుమతి అక్కడ పంచాయతీలోనే దొరికేలా చేసింది, కాల్చేది లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు. విషం, పేలుడు, కరెంటు వాడకూడదన్నారు. అక్కడా ఇబ్బందులు లేకపోలేదు, కానీ లైసెన్సుదారుణ్ని నేరస్తుడిలా చూడకుండా పనికొచ్చే మనిషిగా చూశారు.

ఇక మనం అడగాల్సింది చాలా చిన్నది. తుడవడం, నూనె పెట్టడం, బయటి స్క్రూలు బిగించడం మరమ్మతు కిందికి రాదని జిల్లా అధికారి ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ఎన్నికలప్పుడు తుపాకీ అప్పజెప్పించుకునేటప్పుడు, తిరిగిచ్చేటప్పుడు దాని స్థితి రాసిన రసీదు ఇవ్వాలి. పోలీసు శాఖలో ఆర్మరర్లు ఉన్నారు, వాళ్ల ఆయుధాలు వాళ్లు చూసుకుంటారు. ఏడాదికి ఒక రోజు వాళ్లను సబ్‌డివిజన్‌కు పంపి, ఫీజు తీసుకునే రైతుల తుపాకులు కూడా చూపించండి. స్టేషన్‌లో వదులైన స్క్రూకు రైతు పట్నం పోవడమేమిటి?

పెద్దాయన లైసెన్సు రెన్యువల్ దగ్గరపడింది. దరఖాస్తుతో పాటు ఈ ప్రశ్న కూడా తెల్లకాగితం మీద రాసిచ్చి, దాని నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాడు. లైసెన్సున్న మిగతా సభ్యులు కూడా అలాగే రాసిచ్చి, ముద్రపడ్డ నకలు ఒకటి మన మండల సంఘానికి తెచ్చివ్వండి. అన్నీ కలిపి కలెక్టర్ దగ్గరికి పట్టుకుపోదాం.