కరెంటు బిల్లులోనే ఆదా దారి: డిస్కంకు జిన్నారం నుంచి బహిరంగ లేఖ

ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ,
మింట్ కాంపౌండ్, హైదరాబాద్.



జిన్నారం చుట్టుపక్కల బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడల్లో మందుల ముడిసరుకు తయారుచేసే యూనిట్లు ఉన్నాయి. చిల్లర్లు, కంప్రెసర్లు, వ్యర్థజలాల శుద్ధి మోటార్లు అక్కడ రాత్రీపగలూ తిరగాల్సిందే. కరెంటు కొరతతో వచ్చిన 2012 నాటి పవర్ హాలిడేలను ఈ ప్రాంతం మరచిపోలేదు. ఆ కొరత తీరింది. బిల్లు భారం మాత్రం మిగిలింది. అందులో కొంత ఏ యంత్రమూ వాడని కరెంటుకు కడుతున్నదే.

ముందుగా డిమాండ్ ఛార్జీ సంగతి. హెచ్‌టీ (హై టెన్షన్) వినియోగదారుడికి ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పంద డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. 500 కేవీఏకు ఒప్పందం చేసుకున్న యూనిట్ 300 దాటకపోయినా 400కు కట్టాలి. 2022–23 టారిఫ్‌లో ఉన్న కేవీఏకు 475 రూపాయల లెక్కన చూసినా, వాడని ఆ 100 కేవీఏకు నెలకు 47,500 రూపాయలు. ఏడాదికి 5.7 లక్షలు. ఒప్పందాన్ని 350కి తగ్గించుకుంటే ఈ ఖర్చు మిగులుతుంది. అయితే మరీ తగ్గించి, ఎండాకాలంలో చిల్లర్ల భారం పెరిగినప్పుడు పరిమితి దాటితే అదనపు ఛార్జీ పడుతుంది. కాబట్టి పన్నెండు నెలల రీడింగులు ముందు పెట్టుకుని తేల్చుకోవాలి.

రెండోది పవర్ ఫ్యాక్టర్, అంటే లైను నుంచి తీసుకున్న కరెంటులో నిజంగా పనికి ఉపయోగపడే వంతు.

బిల్లు కేవీఏహెచ్‌లలో లెక్కిస్తారు కనుక, పవర్ ఫ్యాక్టర్ తగ్గినందుకు జరిమానా అంటూ విడిగా ఒక వరుస కనబడదు. నష్టం యూనిట్లలోనే కలిసిపోతుంది. లక్ష కిలోవాట్ అవర్ల పనికి పవర్ ఫ్యాక్టర్ 0.90 ఉంటే 1,11,111 యూనిట్లు పడతాయి, 0.99 ఉంటే 1,01,010. అదే 2022–23లో 11 కేవీ ధర అయిన 7.65 రూపాయల చొప్పున, తేడా నెలకు 77 వేల పైమాటే. పవర్ ఫ్యాక్టర్‌ను నిలబెట్టే కెపాసిటర్లు పాడైతే వాటిని మార్చడానికయ్యే ఖర్చు ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో యజమాని ఈ లెక్కతో తేల్చుకోవచ్చు.

మూడోది వేళలు. ఉదయం 6 నుంచి 10 వరకు, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు పీక్ వేళలు; అప్పుడు వాడే ప్రతి యూనిట్ కరెంటుకు అదనపు ఛార్జీ ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాయితీ ఉంది. రియాక్టర్‌లో బ్యాచ్‌ని మధ్యలో ఆపలేరు. ట్యాంకులు నింపే పంపులను మాత్రం రాత్రికి మార్చుకోవచ్చు.

ఈ అంకెలన్నీ మీ మీటర్లలో, మీ కంప్యూటర్లలో ఉన్నాయి. పెద్ద కంపెనీలకు వాటిని విడమరచి చెప్పే ఎనర్జీ మేనేజర్లుంటారు. చిన్న యూనిట్‌లో బిల్లు అకౌంట్స్ గదికి చేరితే అక్కడ చూసేది కట్టాల్సిన మొత్తం, గడువు తేదీ. మోటార్లు నడిపే ఎలక్ట్రీషియన్ చేతికి ఆ కాగితం రాదు.

ఇలా చెబితే సంస్థ ఆదాయం తగ్గుతుందన్న వాదన రావచ్చు. కానీ పవర్ ఫ్యాక్టర్ మెరుగైతే మీ లైన్లలో నష్టం, ట్రాన్స్‌ఫార్మర్ల మీద భారం తగ్గుతాయి. ఎవరూ వాడని ఒప్పంద డిమాండ్ విడుదలైతే అదే ఫీడర్‌పై కొత్త యూనిట్‌కు చోటు దొరుకుతుంది. సాయంత్రం వాడకం రాత్రికి జరిగితే ఖరీదైన వేళలో కొనే కరెంటు తగ్గుతుంది. పరిశ్రమకు మిగిలే ప్రతి రూపాయీ సంస్థకు నష్టం కాదు.

అందుకే మూడు విన్నపాలు. ఏడాదికోసారి ప్రతి పారిశ్రామిక బిల్లుతో తెలుగులో ఒక పేజీ పంపండి: పన్నెండు నెలల గరిష్ఠ డిమాండ్, సగటు పవర్ ఫ్యాక్టర్, పీక్ వేళల యూనిట్లు, వాటి వల్ల పడిన భారం రూపాయల్లో. ఒప్పంద డిమాండ్ తగ్గించుకునే దరఖాస్తును ఆ పేజీకే జతచేయండి. బొల్లారం, గడ్డపోతారంలలో శిబిరాలు పెట్టి, యజమానితోపాటు ఎలక్ట్రీషియన్‌నూ పిలవండి. తొలి శిబిరానికి జాతీయ ఇంధన పొదుపు దినమైన డిసెంబర్ 14 అనువైన రోజు. ఆలోగా మొదటి పేజీలు జిన్నారం యూనిట్లకు చేరేలా ఆదేశాలివ్వాలని కోరుతూ,

ఇట్లు,
జిన్నారం పరిశ్రమల శ్రేయోభిలాషి