స్టేషన్ డైరెక్టర్ బాణీ కడితే...

మన ఫీల్డులో అందరూ వినే మాటే ఇది: "ఎనిమిదేళ్ళు నిండాయి, ఇంకా కోడ్ రాస్తున్నావా?" మేనేజర్ అయితే కోడ్ మూసేసి ఎక్సెల్ తెరవాలని మనవాళ్ళ లెక్క. ఈ లెక్క తప్పని చెప్పడానికి నాకు దొరికిన మనిషి సాఫ్ట్‌వేర్ వాడు కాదు, రేడియో ఆయన. బాలాంత్రపు రజనీకాంతరావు.

1920లో నిడదవోలులో పుట్టి 1941లో మద్రాసు ఆకాశవాణిలో చేరారు. 1947లో స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి టంగుటూరి సూర్యకుమారి గొంతులో వినిపించిన తెలుగు పాట రాసిందీ, బాణీ కట్టిందీ ఆయనే. తర్వాత విజయవాడలో స్టేషన్ డైరెక్టరయ్యారు, 1978లో బెంగుళూరులో రిటైరయ్యారు. మధ్యలో 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాస్తే 1961లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. విజయవాడ భక్తిరంజని వెనక ఉన్నదీ ఆయన చెవే. అంటే ఫైలు మీద సంతకం పెట్టే చెయ్యే పాటలూ రాసిందన్నమాట. పాడేవాడు శృతి తప్పితే ఈ బాసుకి రిపోర్టు అక్కర్లేదు, వింటే చాలు!

కానీ నాకో పేచీ ఉంది. మాది మంచిర్యాల. మా బాపమ్మ అనేది: "రేడియోల మంచిగనే మాట్లాడుతరు గని, మనిండ్లల్ల ఎవ్వలు అట్ల మాట్లాడరు బిడ్డా." రజనీ గారి చెవి ఎంత గొప్పదైనా అది గోదావరి దిగువన పెరిగిన చెవి. ఎగువన ఉన్న మా ఆదిలాబాద్‌కి 1986లో గానీ సొంత ఆకాశవాణి కేంద్రం రాలేదు. వచ్చాక గోండిలో కూడా కార్యక్రమాలు వేసింది. గోండి మాట్లాడే ఇంట్లో రేడియో ఆ భాషలో పలకడమంటే చిన్న సంగతా?

కంప్యూటర్లు ఇంకా ఆలస్యం. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో వచ్చిన యూనికోడ్ 11.0లో చేరింది. కోడ్ పాయింట్లు ఇస్తే పని అయిపోదని మనకి వేరే చెప్పాలా? ఫాంటు కావాలి, కీబోర్డు కావాలి, అక్షరం విరిగితే చూసి పట్టుకునే కన్ను కావాలి.

అందుకే నేననేది, అట్లాంటి ప్రాజెక్టుకి మేనేజర్ని వెతికేటప్పుడు సర్టిఫికెట్ల కంటే ముందు అడగాల్సింది ఒకటుంది: గోండి వచ్చా? రాకపోతే పక్క కుర్చీలో వచ్చినవాళ్ళని, జీతమిచ్చి, నిర్ణయాల్లో మాట ఇచ్చి కూర్చోబెట్టాలి. టెస్టింగ్ చివర్లో పిలిచి "ఒకసారి చూసి చెప్పండి" అంటే కుదరదు.