నాల్గవ తరగతి గడప

"మాస్టారూ, మూడవ తరగతి దాకా బాగానే చదివేవాడండీ. నాలుగులోకి రాగానే ఎందుకో వెనుకబడ్డాడు" అన్న మాట ఏటా జూలై, ఆగస్టు మాసాలలో తల్లిదండ్రుల నోట వినవస్తుంది. నేను ఉద్యోగంలో ఉన్ననాళ్ళూ విన్నాను, విరమించిన తరువాత కూడ వింటూనే ఉన్నాను. దీనికి కారణాలు కూడ వారే చెప్పేస్తారు. ఒకరు చేతిలోని ఫోనును నిందిస్తారు, ఒకరు కొత్త టీచరును, మరొకరు పిల్లవాని అశ్రద్ధను. ఆ మరునాడే ట్యూషను వెదకడం మొదలవుతుంది.

ఈ మూడింటిలోను కొంత నిజం ఉండవచ్చు. కాని అసలు సంగతి మరొకటి ఉన్నదని నా అభిప్రాయం. నాల్గవ తరగతిలో చదువు స్వభావమే మారిపోతుంది. అంతవరకు పిల్లవాడు చదవడం నేర్చుకుంటాడు. అక్కడినుండి చదివి నేర్చుకోవాలి. మొన్నటిదాకా అక్షరమే పాఠం. ఇప్పుడు అక్షరం వాహనం, పాఠం దానిమీద ఎక్కి వస్తుంది. ఈ మార్పును గురించి బడి ఇంటికి చెప్పదు, ఇల్లు పిల్లవానికి చెప్పదు. వాడు మాత్రం పాత పనినే, పాత శ్రద్ధతోనే చేస్తూ, మార్కులు ఎందుకు తగ్గుతున్నాయో తెలియక బిక్కమొగం వేస్తాడు.

ఇది మన ఊళ్ళకే పరిమితమైన వ్యవహారం కాదు. హార్వర్డులో పనిచేసిన జీన్ చాల్ అనే విదుషి 1983లో పఠనం ఏయే దశలలో వికసిస్తుందో వివరిస్తూ ఒక గ్రంథం వ్రాసింది. నాల్గవ తరగతి దగ్గర, ముఖ్యంగా బీదయిండ్ల పిల్లలు, జారిపోవడాన్ని ఆమె ప్రత్యేకంగా పరిశీలించింది. అమెరికాలో ఈ 'నాల్గవ తరగతి జారుడు' ఉపాధ్యాయులందరికీ తెలిసిన మాటే. మన పాత మిత్రులలో ఆ దేశంలో పిల్లలను పెంచినవారు చాలామంది ఉన్నారు. వారికి ఇది అనుభవైకవేద్యం కూడ అయివుంటుంది. (వారి పిల్లలు నాల్గవ తరగతి దాటి ఎంతకాలమైందో తలచుకుంటే మన వయస్సులు గుర్తుకు వస్తాయి. ఆ ప్రసంగం వద్దు.)

మన దేశంలో చిక్కు మరికొంచెం లోతుగా ఉన్నది. గ్రామీణ భారతంలో ప్రథమ్ సంస్థ జరిపిన 'అసర్' సర్వే 2024 లెక్కలలో, మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు నూటికి దాదాపు 27 మంది మాత్రమే. అంటే చదివి నేర్చుకోవలసిన తరగతిలోకి పిల్లలలో అత్యధికులు చదవడమే సరిగా రాకుండ అడుగుపెడుతున్నారు. మూడవ తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలనే లక్ష్యంతో కేంద్రప్రభుత్వం 2021 జూలైలో 'నిపుణ్ భారత్' ప్రారంభించింది. అందుకు పెట్టుకున్న గడువు 2026-27. లక్ష్యం మంచిది. అయితే నేనిప్పుడు చెప్పదలచుకున్నది చదవలేని పిల్లలను గురించి కాదు. వారికి కావలసినదేమిటో అందరికీ తెలుసు. చదవగలిగి కూడ తడబడేవారిని గురించి ఎవరూ మాట్లాడరు.

"మావాడు గడగడా చదువుతాడండీ" అని తండ్రి గర్వంగా అంటాడు. నిజమే, చదువుతాడు. మన లిపికి ఆ సౌలభ్యం ఉన్నది. గుణింతాలు, ఒత్తులు పట్టుబడిన తరువాత 'ధృతరాష్ట్రుడు' అనే మాటనైనా తడుముకోకుండ పలకవచ్చు. పలికినది తెలిసినట్లే అని పెద్దలు భ్రమపడతారు. ఇంగ్లీషులో తెలియని మాట దగ్గర పిల్లవాడు ఆగిపోతాడు, అందువల్ల లోపం బయటపడుతుంది. తెలుగులో ఆగడు, కనుక బయటపడదు. మన లిపి చేసే మేలులో దాగిన కీడు ఇది.

ఒక ఉదాహరణ చూడండి. నాల్గవ తరగతి పరిసరాల విజ్ఞానంలో వచ్చే తరహా వాక్యాన్ని నేనే కూర్చి చెబుతున్నాను. "వాన నీరు వేగంగా ప్రవహించినప్పుడు చెట్లు లేనిచోట నేల పైపొర కొట్టుకొనిపోతుంది. దీనిని నేలకోత అంటారు." నేలకోత అంటే ఏమిటి అని అడిగితే పిల్లవాడు నిస్సంకోచంగా "దీనిని నేలకోత అంటారు" అని జవాబు వ్రాస్తాడు. 'దీనిని' అంటే దేనిని? ఆ సర్వనామం వెనుకటి వాక్యం మొత్తాన్ని భుజాన వేసుకొని వచ్చిందని వానికి తెలియదు. మూడవ తరగతి వరకు చదివిన కథలలో 'అతడు' అంటే రాజుగారు, 'అది' అంటే కుక్కపిల్ల. ఒక జరుగుబాటును 'ఇది' అని వేలుపెట్టి చూపడం వానికి కొత్త. నోటుబుక్కులో టీచరు వ్రాయించిన జవాబును ఎక్కించుకుంటే మార్కు వస్తుంది, ఆ పూటకు గండం గడుస్తుంది.

లెక్కలలో ఇంకా చిత్రం. "రాము దగ్గర 35 రూపాయలున్నాయి. అవి సీత దగ్గర ఉన్నవాటికన్నా 12 తక్కువ. సీత దగ్గర ఎన్ని ఉన్నాయి?" తరగతిలో సగంమంది 23 అంటారు. 'తక్కువ' కనబడింది, తీసివేశారు. కూడిక, తీసివేత రెండూ నిర్దుష్టంగా వచ్చిన పిల్లలే వీరు. తప్పినది లెక్క కాదు, 'కన్నా' అనే చిన్న మాట. ఎవరికన్నా ఎవరివి తక్కువ అని నిలిచి చూసివుంటే 47 వచ్చేది. దీనికి ట్యూషనులో మరి యాభై తీసివేతలు చేయిస్తే ప్రయోజనమేమి? తెలుగు పండితుడు చెప్పవలసిన పాఠాన్ని లెక్కల మాస్టారి నెత్తిన వేసి, ఆయన చెప్పలేకపోయాడని నిందించడమే అవుతుంది.

భిన్నాల దగ్గరకు వస్తే లవం, హారం అంటారు. పిల్లవానికి తెలిసిన హారం అమ్మ మెడలోనిది. లవం అంటే వంటింటి లవంగమే తోస్తుంది. భాగహారం అనే మాట అప్పటికే వాని నోట నానుతున్నది కదా. ఆ హారమే ఈ హారం, భాగాలుగా చేసేది హారం, అని ఒక్క మాట చెబితే ఎంత తేలిక! ఎన్ని భాగాలు చేశామో క్రింద ఉన్నది, అందులో ఎన్ని తీసుకున్నామో పైన ఉన్నది. రొట్టెను నాలుగు ముక్కలు చేసి మూడు తిన్నవాడికి ఇది ఎందుకు తెలియదు? తెలుస్తుంది. మాటకు రొట్టెకు ముడివేసేవారు కావాలి, అంతే.

పాతకాలపు పాఠశాలలలో పద్యం చెప్పేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. సంస్కృతం చదువుకున్నవారు దానిని ఖండాన్వయం అంటారు. ముందు క్రియను పట్టుకోవడం, ఆపైన ఎవరు, దేనిని, దేనిచేత, ఎక్కడ, ఎప్పుడు, ఎటువంటి అని ప్రశ్నలు వేస్తూ ఒక్కొక్క పదాన్ని దాని చోటికి చేర్చడం. నేటివారు దీనిని పండితుల ఛాదస్తంగా కొట్టిపారేస్తారు. నేనేమంటానంటే, ఈ ఛాదస్తాన్ని పద్యాల నుండి దించి నాల్గవ తరగతి పరిసరాల విజ్ఞానానికి తగిలించాలి. పై వాక్యాన్నే తీసుకోండి. కొట్టుకొనిపోతుంది. ఏది? నేల పైపొర. ఎక్కడ? చెట్లు లేనిచోట. ఎప్పుడు? నీరు వేగంగా పారినప్పుడు. ఇప్పుడు చెప్పు నాయనా, నేలకోత అంటే ఏమిటి? ఈసారి జవాబు తప్పదు. పైగా "చెట్లుంటే ఎందుకు కొట్టుకుపోదు?" అని వాడే ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్న పుట్టిందంటే పిల్లవాడు గడప దాటినట్లే.

వల్లెవేయడానికి నేను విరోధిని కాను. ఎక్కాలు ఇరవై దాకా నోటికి రావలసినదే. శతక పద్యాలు అర్థం తెలియకపోయినా నోటికి పట్టించవలసినవే. అర్థం ఆ పిదప ముప్పై ఏండ్లకు వచ్చినా నష్టం లేదు. కాని నేలకోత పద్యం కాదు. దానిని కంఠస్థం చేయించడం పాఠానికీ కంఠానికీ కూడ అన్యాయం.

ఇక మాధ్యమం సంగతి. తెలంగాణలో 2022-23 నుండి ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టినప్పుడు ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండేటట్లు పాఠ్యపుస్తకాలు ముద్రించారు. ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే ఇటువంటి పుస్తకాలు వచ్చాయి. మాధ్యమ వివాదంలోకి ఇప్పుడు దిగను. దిగితే ఈ టపా తెమలదు. ఆ ఎదురుబొదురు పుటలు మాత్రం గొప్ప సదుపాయం. చాలా ఇండ్లలో తెలుగు పుటను దండగ కాగితంగా చూస్తున్నారు. మొదట తెలుగు పుట చదివించి, పిల్లవాని సొంత మాటలలో చెప్పించి, ఆ తరువాత ఇంగ్లీషు పుట తెరిస్తే, తెలిసిన విషయానికి కొత్త మాటలు నేర్చుకోవడమే మిగులుతుంది. విషయమూ కొత్తది, మాటా కొత్తది అయితే తొమ్మిదేండ్ల బుర్ర దేనిని మోస్తుంది?

తల్లిదండ్రుల ఆత్రుతను నేను ఎగతాళి చేయను. తెలంగాణలో గురుకులాలలో అయిదవ తరగతి సీటు కోసం ప్రవేశపరీక్ష వ్రాసేది నాల్గవ తరగతి పిల్లలే. ఆంధ్రప్రదేశ్‌లో అంబేద్కర్ గురుకులాలకూ అంతే. నవోదయ పరీక్ష వ్రాసేది అయిదవ తరగతిలోనైనా, దానికి తయారీ నాలుగులోనే మొదలుపెట్టిస్తున్నారు. కూలిపని చేసుకునే తల్లికి ఆ సీటు అంటే బిడ్డకు మూడు పూటల తిండి, పక్క, పుస్తకాలు, ఇంటర్ దాకా నిశ్చింత. అటువంటి ఇంటివారితో "మార్కులు ముఖ్యం కాదమ్మా" అనడం ఏసీ గదులలో కూర్చున్నవారి వేదాంతం. అయితే ఆ తల్లికి నేను చెప్పేది వేరు. ఆ పరీక్షలో కూడ పిల్లవాడు ప్రశ్నను తానే చదువుకోవాలి. పక్కన నిలబడి అర్థం చెప్పేవారుండరు. నాలుగు జవాబులలో ఒకటి గుర్తించాలంటే ప్రశ్న ఏమి అడుగుతున్నదో ముందు తెలియాలి. బిట్లు బట్టీ పట్టించే కోచింగు సెంటరు వెయ్యి ప్రశ్నలకు సిద్ధం చేస్తుంది. వెయ్యిన్నొకటవది వస్తే?

మధ్యతరగతి ఇండ్లలో తెగులు మరొకటి. 2020లో కేంద్రం ప్రకటించిన పాఠశాల సంచి విధానంలో మూడు నుండి అయిదు తరగతుల వారికి ఇంటిపని వారానికి రెండు గంటలు మించరాదని ఉన్నది. వారానికి! చాలా ప్రైవేటు బడులలో అది ఒక్క సాయంత్రంలోనే ఖర్చయిపోతుంది. ఆ పని ఎక్కువగా ప్రశ్నలు, జవాబులు తిరిగి వ్రాయడమే. పిల్లవాని చేయి పీకుతుంది, బుర్ర నిద్రపోతుంది. పక్కన కూర్చున్న తల్లి తానే జవాబు చెప్పి వ్రాయించి గట్టెక్కిస్తుంది. ఆమెను తప్పుపట్టలేము, పొద్దున్నే ఎనిమిదింటికి ఆటో వస్తుంది. తప్పుపట్టవలసినది, జూన్‌లో తల్లిదండ్రులను పిలిచి ఫీజుల గడువులు, బూట్ల రంగు చెప్పి పంపే బడిని. "ఈ ఏడు మీ పిల్లల చదువులో ఈ మార్పు వస్తుంది, మొదటి రెండు మూడు నెలలు మార్కులు తగ్గవచ్చు, కంగారుపడకండి, ఇంట్లో ఇలా చేయండి" అని అరగంట చెప్పలేదా? చెబితే సగం ట్యూషనులు మూతపడతాయి. ఒకవేళ అందుకే చెప్పరేమో.

ఇంట్లో చేయవలసినది చాలా కొంచెం. రోజుకొక పేరా చాలు. పైకి చదవనివ్వాలి, పుస్తకం మూయించాలి, "ఇప్పుడు నాకు చెప్పు" అనాలి. పిల్లవాడు పుస్తకంలోని మాటలే అప్పజెబితే ఇంకా తెలియలేదని అర్థం. తన మాటలలో, తప్పులతో, చేతులు తిప్పుతూ చెబితే తెలిసిందని అర్థం. తప్పును వెంటనే దిద్దకూడదు; ఎవరు, ఏది, ఎందుకు అని అడిగితే తానే వెనక్కి వెళ్ళి పుస్తకం తెరుస్తాడు. అలా తెరవడం అలవాటైతే మొదటి పరీక్షలో వచ్చిన పన్నెండు మార్కులను గురించి రభస చేయనవసరం లేదు.

దీనికి తల్లిదండ్రులు చదువుకొని ఉండవలసిన పని కూడ లేదు. చదువురాని నాయనమ్మ ఇంకా మేలు. ఆమెకు నిజంగానే తెలియదు కనుక నిజంగానే అడుగుతుంది. "నేలను కోయడమేమిట్రా, అదేమన్నా వరిచేనా?" అంటుంది. వాడు నవ్వి, వివరించడం మొదలుపెడతాడు. ఆమె వింటూ వింటూ, ఫలానా ఏట వచ్చిన వానకు మన మెట్టచేను గట్టు తెగి ఎర్రమన్నంతా వాగులో కలిసిందని చెబుతుంది. ఆ మాట వాని పుస్తకంలో లేదు. మరునాడు తరగతిలో చెయ్యెత్తి చెబుతాడు, టీచరు చెప్పనిస్తే.