గరిట మాది, ముద్ర మీది

మా వీధుల్లో ఏ కుర్రాణ్నైనా ఆపి ఏం చేస్తున్నావని అడగండి. 'వీసా కోసం చూస్తున్నానండి' అంటాడు. అదే ఉద్యోగమైనట్టు చెబుతాడు. రాజమండ్రి జాంపేట నుంచి కాకినాడ దాకా, రాజోలు, అమలాపురం, పాలకొల్లు, నరసాపురం సాయిబుల వీధులన్నిట్లో ఇదే జవాబు. ఒకడు ఆర్నెల్ల నుంచి చూస్తున్నాడు, ఒకడు రెండేళ్ల నుంచి. హోటల్లో పని అన్నారు. కువైట్ అన్నారు, తర్వాత ఖతర్ అన్నారు. ఇప్పుడు లండన్ అంటున్నారు. ఈలోగా ఇక్కడి పని మానేశాడు. పోయేవాడికి పనెందుకని యజమాని మాన్పించేశాడు. పెళ్లి ఆగింది. చెల్లెలి పెళ్లీ ఆగింది. గోదారి కాలవ మాత్రం ఆగదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి పారుతూనే ఉంది. కాని అది పారేది భూమి ఉన్నవాళ్ల చేలల్లో. ఈ పచ్చదనంలో మాకున్నది కబరస్తానంత జాగా.

'మీకేంటండీ, అరబ్బులు మీ వాళ్లే కదా' అంటారు పెద్దమనుషులు. గోదావరి జిల్లాల్లో మర్యాదకి లోటుండదు. మమ్మల్ని 'సాయిబుగారూ' అనే పిలుస్తారు. గారు ఉంటుంది, పేరే ఉండదు. మా తాతకీ అదే పిలుపు, మా కొడుక్కీ అదే పిలుపు. అయ్యా, అరబ్బు మా వాడే అయితే దిగిన రోజే మా పాస్‌పోర్టు తీసుకుని తన బీరువాలో ఎందుకు పెట్టుకుంటాడు? కఫీల్ ఊఁ అనకపోతే మేం పని మారలేకపోవడం, పారిపోతే 'ఖల్లివల్లి' అయిపోయి రోడ్డు మీద పోలీసుకి భయపడుతూ బతకడం, ఇదేనా చుట్టరికం? ఉమ్మత్ అంతా ఒక్కటేనని మాకు చెప్పినవాళ్లెవరూ ఆ వంటగదుల్లో నిలబడలేదు.

అక్కడ మమ్మల్ని ఏమని పిలుస్తారో తెలుసా? 'హిందీ' అని. అరబ్బీలో హిందీ అంటే హిందూస్తాన్ వాడు. ఇక్కడ తురకోళ్లం, అక్కడ హిందీలం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు ఎయిరిండియా అమ్మాన్ నుంచి లక్ష మందికి పైగా మనవాళ్లని తెచ్చింది. సాయిబైనా, మాలైనా, కాపైనా, మలయాళీ క్రైస్తవుడైనా, ఆ ఎడారిలో అందరిదీ ఒకటే లెక్క. రెండేళ్లు తిరిగాయి. 1992 డిసెంబరు 6 తర్వాత అదే మనుషుల్ని మీరెవరని ఇక్కడ అడిగారు. అరబ్బు మమ్మల్ని ఈ దేశం వాళ్లమని ఒప్పుకున్నంత సులువుగా మా ఊరు ఒప్పుకోలేదు.

ఇక పని సంగతి. ఈ డెల్టాలో పెళ్లికి వెయ్యి మందికి బిర్యానీ వండాలంటే ఎవర్ని పిలుస్తారు? మా మాస్టర్నే. ఆయన దగ్గర త్రాసు ఉండదు, గడియారం ఉండదు. నీళ్లలో ఉప్పు నాలిక మీద తేల్చుకుంటాడు. బియ్యం ఎంత ఉడికిందో రెండు వేళ్ల మధ్య పలుకు నలిపి చెబుతాడు. డేగ్ మూతకి పిండి పట్టించి, పైన నిప్పులు పోసి, దగ్గరికి వంగి లోపలి చప్పుడు వింటాడు. దమ్ ఎప్పుడు దించాలో ఆయన చెవికి తెలుసు. ఏ వయసులోనో పొయ్యి దగ్గర బూడిద ఎత్తడానికి చేరి, ఉల్లిపాయలు కోసి కోసి, ఉస్తాద్ తిట్లు తిని, పదేళ్లకి గరిట పట్టుకున్నవాడు. మీరు వేళ్లు నాక్కుంటూ తింటారు. తిన్న చేత్తోనే 'ముస్లిములకి అద్దెకివ్వం' అంటారు. అది వేరే కథ. ఇప్పుడు అడిగేది ఒక్కటే. ఈ మనిషికి నైపుణ్యం ఉందా, లేదా?

లేదంటోంది చట్టం. విదేశాలకి పనికెళ్లే వాళ్ల కోసం 1983లో పార్లమెంటు ఎమిగ్రేషన్ చట్టం చేసింది. అందులో 'పని' అంటే ఏమిటో చెప్పే చోట నైపుణ్యం లేని కూలీ పని అని మొదలుపెట్టి, ఇంటి చాకిరీ అని రాసి, ఆ వెంటనే హోటల్లో, రెస్టారెంటులో, టీ దుకాణంలో మేనేజరు హోదా కాని ఏ కొలువైనా అని చేర్చారు. చూశారా? గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు ఒక జాతి, పొయ్యి దగ్గర నిలబడ్డవాడు ఇంకో జాతి. కులం తెలిసిన దేశంలో ఇలాంటి వాక్యం ఊరికే పుట్టదు. పైగా పదో తరగతి తప్పినవాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకి వాడు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. మా రక్షణ కోసమే అంటారు. మంచిదే. కాని ఆ అనుమతి దొరకనివాణ్ని ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తాడు. విమానాశ్రయంలో 'సెట్టింగ్' ఉందంటాడు. అలా వెళ్లినవాడు ఏ లెక్కలోనూ ఉండడు. చస్తే శవానికి కూడా ఉండదు లెక్క.

అరబ్బు దేశాలు వద్దు, తెల్లవాడి దేశం గౌరవంగా ఉంటుందన్నారు కొందరు. 'స్కిల్డ్ వర్కర్ వీసా' అనే మాట మా వీధుల్లోకి అలా వచ్చింది. పేరులోనే నైపుణ్యం ఉంది కదా అని మావాళ్లు మురిశారు. బ్రిటన్ 2024 ఏప్రిల్‌లో ఆ వీసాకి కావలసిన కనీస జీతాన్ని ఏడాదికి 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచింది. 2025 జూలై 22న 41,700 చేసింది. అదే రోజు నుంచి కొత్తగా వచ్చేవాళ్లకి డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే ఆ వీసా అంది. తాత్కాలికంగా కొన్ని పనులకి మినహాయింపు ఇచ్చారు, వాటిలో వంటవాడు లేడు. పది తప్పిన మాస్టరు సంగతి వదిలేయండి. హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేసి, ఇంగ్లీషు పరీక్ష రాసి, రెండేళ్లు ఎదురుచూసిన కుర్రాడి ముందు కూడా తలుపు మూశారు. ఢిల్లీ 1983లో చెప్పినమాటే లండన్ 2025లో చెప్పింది. వంట నైపుణ్యం కాదు. వాళ్ల వీధుల్లో 'ఇండియన్ కర్రీ' మాత్రం అమ్ముడుపోతూనే ఉంటుంది.

ఈ తలుపు మూసిన సంగతి ఏజెంటు చెప్పడు. 'ఫైలు నడుస్తోంది భాయ్' అంటాడు. మన నిబంధనల ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. మా వీధుల్లో లక్షల్లో కడతారు. రసీదు ఉండదు. బ్రిటన్‌లో అయితే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఖర్చు యజమానే పెట్టుకోవాలి, పనివాడి మీద వెయ్యకూడదు. ఇక్కడ అమ్ముతున్నది అదే సర్టిఫికెట్. 1983 చట్టం అక్రమ ఏజెంటుకి రాసిన శిక్ష రెండేళ్ల దాకా జైలు, రెండు వేల దాకా జుర్మానా. రెండు వేలు! మెడికల్‌కి వెళ్లి రావడానికే చాలవు. ఛాతీ ఫొటోలో ఎప్పుడో తగ్గిపోయిన క్షయ మచ్చ కనబడితే 'అన్‌ఫిట్'. ఫిట్ అయినా వీసా రాకుండా గడువు దాటితే మళ్లీ మొదలు, మళ్లీ డబ్బు.

ఆ డబ్బు ఎక్కడిది? అమ్మీ మెడలో నల్లపూసల లచ్ఛా. అది చాలకపోతే నూటికి మూడు రూపాయల వడ్డీ. వడ్డీ హరామ్ అని జుమ్మా బయాన్‌లో చెబుతారు. నిజమే. చెప్పిన హజ్రత్‌కి వడ్డీ లేని అప్పు ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పే బాధ్యత ఉంది. 'సబర్ చేయండి' అంటాడు. సబర్‌కీ నెలనెలా వడ్డీ కట్టాలి హజ్రత్! ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. మమ్మల్ని ముంచే ఏజెంట్లలో మావాళ్లూ ఉన్నారు. సలాం చెప్పి, కుర్చీ వేసి, ఇన్షా అల్లా అంటూ డబ్బు తీసుకునేవాళ్లు. దూదేకుల కుర్రాడు వెళితే 'నీకు ఉర్దూ రాదు, కష్టం' అని పది వేలు ఎక్కువ అడిగేవాళ్లు. మీ సాయిబుగారూ మా సాయిబూ ఒక్కటి కాదని అక్కడే తెలుస్తుంది.

ఆడవాళ్ల గురించి మా మగవాళ్లు మాట్లాడరు, కనుక మేమే మాట్లాడాలి. ఈ డెల్టా నుంచి ఇంటి పనికి గల్ఫ్ వెళ్లినవాళ్లలో మగవాళ్లకన్నా ముందు నడిచింది ఆడవాళ్లే. మాల మాదిగ వాడల వాళ్లూ మావాళ్లూ. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషికి ముప్ఫై నిండాలని నియమం. ఏజెంటు వయసు దిద్దుతాడు. 'హోటల్లో గదులు సర్దే పని' అని చెప్పి ఖద్దామాగా ఒక ఇంట్లోకి తోస్తాడు. ఊళ్లో ఆమెకి పరదా గురించి బోధించినవాళ్లు ఆమె పంపిన దినార్లతో వేసిన స్లాబు కింద కూర్చుని చాయ్ తాగుతారు.

సెక్యులర్ మిత్రులారా, మీతో కూడా ఒక మాట. అమెరికా వెళ్లినవాడు మీ పత్రికల్లో ప్రవాసాంధ్రుడు, ఎన్నారై. వాడి ఒంటరితనం మీద కథలు, వాడి సభలకి మీ సాహిత్యకారులు. కువైట్ వెళ్లినవాడు వలస కూలీ. వాడి మీద వార్త వస్తే శవపేటిక వార్తే. సముద్రం ఇద్దరూ దాటారు కదా? డాలరుకున్న కులం దినారుకి లేదు, అంతేగా.

ఈ వలస మాతో మొదలైందీ కాదు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి మన తాతలు ఓడలెక్కి రంగూన్ పోయారు. బర్మావాళ్లు తెలుగు కూలీలందరికీ 'కోరంగీ'లనే పేరు పెట్టారు. 1930 మేలో రంగూన్ రేవులో సమ్మె చేసిన తెలుగు కూలీల మీద పడి చంపారు. 1942లో జపాన్ దండు వచ్చినప్పుడు అడవుల్లోంచి నడిచి వచ్చినవాళ్లు వచ్చారు, మిగతావాళ్లు దారిలోనే పోయారు. ఆ కూలీలకీ నైపుణ్యం లేదనే రాసి ఉంటారు.

2006లో సచార్ కమిటీ మా గతి ఏమిటో అంకెలతో చెప్పింది. 2007లో మాలో వెనకబడ్డ వాళ్లకి బి.సి.-ఇ కింద నాలుగు శాతం ఇచ్చారు. అది 2010 నుంచి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తోంది. అదీ ఎదురుచూపే. ఆ నాలుగు శాతం కూడా పది పాసైనవాడికే పనికొస్తుంది. పొయ్యి దగ్గర పెరిగినవాడికి కాదు.

మేం అడిగేది దయ కాదు. పదిహేనేళ్లు డేగ్ దించిన మనిషిని ఒక వంటగదిలో నిలబెట్టి, వండించి, తిని, పనిమంతుడని ప్రభుత్వం కాగితం ఇవ్వాలి. విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ప్రభుత్వ సంస్థ ఉంది కదా, దాని మనిషి నెలకొకసారి మా వీధికి వచ్చి ఏ దేశం తలుపు తెరిచి ఉంది, ఏది మూశారు అని తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పాలి. ఒప్పంద కాగితం సంతకానికి ముందు చదివి వినిపించాలి. ఏజెంటుకి కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. రసీదు ఇవ్వనివాణ్ని, వాడు మావాడైనా మీవాడైనా, జైల్లో పెట్టాలి.