కాలనీ అంటే దున్నేవాడి ఊరు. మరి మన పొలాలేవి?

టౌనులో బ్యాంకు కాలనీ అంటే గౌరవం. అదే మాట రాజోలు, కొత్తపేట పల్లెల్లోకి వచ్చేసరికి మాల మాదిగల ఇళ్లు అని అర్థం. "కాలనీ కుర్రోడు" అంటే చాలు, కులం పేరు ఎత్తక్కర్లేదు. కేసు పెడదామంటే కులం పేరు లేదు కదండీ అంటారు! పూర్వం పేట అన్నారు, గూడెం అన్నారు. సర్కారు పక్కా ఇళ్లు కట్టి కాలనీ అని బోర్డు పెట్టింది. గోడలు మారాయి గానీ ఊరి బయట ఉండటం మారలేదు.

ఇంతకీ ఈ మాట ఎక్కడిది? మొదట ఇంగ్లీషు వాడిది కూడా కాదు, రోము వాళ్లది. వాళ్ల లాటిన్ భాషలో 'కొలోనస్' అంటే దున్నేవాడు. 'కొలోనియా' అంటే వాడు స్థిరపడ్డ చోటు. కొలువు దిగిపోయిన సిపాయిలకి రోము ప్రభుత్వం భూమి పంచి ఇలాంటి ఊళ్లు కట్టించింది. జర్మనీలో కొలోన్ పట్నం పేరు అదే. (ఆ భూమి అక్కడి జనం దగ్గర లాక్కున్నదే అనుకోండి. తెల్లోడు మన దేశాన్ని కాలనీ చేసుకున్నదీ ఆ దారిలోనే.) మాకు కల్చర్ ఉంది, మీకు లేదు అనే పెద్దలకి కూడా చెప్పాలి, కల్చర్ అన్న మాట పుట్టింది ఈ దుక్కిలోంచే.

అంటే కాలనీలో ఉండేవాడికి పొలం ఉండాలి. మనకేముంది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి, కాలవలు పారి, కోనసీమ చేలు బంగారమయ్యాయి. ఊడ్చిందీ కోసిందీ మనం. రైతు అన్న పేరు మాత్రం గట్టు మీద గొడుగేసుకున్నాయనకి పోయింది, మనకి కూలి అన్న పేరు మిగిలింది. 2020లో పల్లెల్లో ఇళ్ల స్థలాలంటూ పంచింది సెంటున్నర. సెంటున్నరలో ఏం దున్నుతాం? కౌలుదారుకి కార్డు ఇస్తామని 2019లో చట్టం తెచ్చి, దానికీ భూమి యజమాని సంతకం కావాలన్నారు. ఆ సంతకం పెట్టే మహానుభావుడు ఎవరండీ?

దళితవాడల్ని కాలనీ అనొద్దని 2024 జూన్‌లో కేరళ ప్రభుత్వం, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ప్రభుత్వం చెప్పాయి. మంచిదే. పేరులో ఏముంది అనేవాళ్లని ఒకటే అడుగుతున్నాం. ఈ జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో దళిత మంత్రి ఇల్లు ఎందుకు తగలబడింది?

అయితే బోర్డు మీద కాలనీ కొట్టేసి నగర్ అని రాస్తే సరిపోదు. భూమి లేకపోతే ఆ నగర్ కూడా నాలుగేళ్లకి తిట్టే అవుతుంది. అన్నలారా, అక్కలారా, ఈసారి గ్రామసభలో "కాలనీ వాళ్లు" అని పిలిస్తే లేచి నిలబడదాం. అవునండీ, కాలనీ అంటే దున్నేవాళ్ల ఊరు, మా పొలాలేవి అని అడుగుదాం. అడంగల్ తెప్పించి, అనుభవదారు గడిలో దున్నేవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో అందరి ముందూ పైకి చదివిద్దాం.