చీటీ లేని చుక్కలు

ఎండలు ముదిరితే చాలు, కళ్ళు నలుపుకునే పిల్లలు వీధివీధినా కనిపిస్తారు. ఇంట్లోవాళ్ళు మందుల షాపుకెళ్ళి "మొన్నటి చుక్కలే ఇవ్వండి" అంటారు, షాపతను ఇచ్చేస్తాడు. దురద చప్పున తగ్గుతుంది. అలా తగ్గించే చుక్కల్లో తరచూ ఉండేది డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్. వారాల తరబడి వేస్తే అది కొందరికి గ్లకోమా, అంటే మన పెద్దవాళ్ళు చెప్పే నీటికాసులు, తెచ్చిపెడుతుంది. కణాల్లో ఏం జరిగి అలా అవుతుందో ప్రయోగశాలలు చాలావరకు తేల్చి దశాబ్దాలైంది. ఆ సంగతి షాపు కౌంటరు దాకా రాకపోవడమే నా ఫిర్యాదు.

కంటి ముందుభాగంలో ఎప్పుడూ ఒక పలుచని ద్రవం ఊరుతుంటుంది. నల్లగుడ్డు అంచున జల్లెడలా ఉండే ట్రాబెక్యులర్ మెష్‌వర్క్ గుండా అది బయటికి పోతుంది. అక్కడి కణాలు చెత్తను మింగి దారి శుభ్రంగా ఉంచుతాయి, బిగుస్తూ సడలుతూ ప్రవాహాన్ని సరిచూస్తాయి. ఆ పని కుంటుపడితే కంట్లో ఒత్తిడి పెరిగి, దృష్టి నరంలోని పది లక్షలకు పైగా పోగులు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. అవి మళ్ళీ మొలవవు.

1960లలో అమెరికాలో బెర్నార్డ్ బెకర్, మన్సూర్ ఆర్మలీ మామూలు మనుషులకు స్టెరాయిడ్ చుక్కలు వేసి చూశారు. దాదాపు మూడోవంతు మందిలో ఒత్తిడి ఓ మాదిరిగా, నూటికి నలుగురైదుగురిలో బాగా పెరిగింది. కారణం కోసం, దానంగా వచ్చిన కళ్ళలోని కణాలను తర్వాతి పరిశోధకులు గాజుపాత్రల్లో పెంచి వాటికి డెక్సామెథసోన్ పట్టించారు. కణం లోపలి ఆక్టిన్ పోగులు పెనవేసుకుని బిగిశాయి. చెత్తను మింగడం తగ్గింది. మయోసిలిన్ అనే ప్రోటీన్ విపరీతంగా తయారైంది. ఆ ప్రోటీన్ జన్యువులో లోపాలే కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులో వచ్చే గ్లకోమాకు కారణమని 1997లో అయోవా విశ్వవిద్యాలయం బృందం చూపింది. లోపమున్న మయోసిలిన్ కణంలోంచి బయటపడలేక పేరుకుని, చివరికి ఆ కణాన్నే చంపుతుంది. ఆక్టిన్ పోగుల బిగువును సడలించే నెటార్సుడిల్ చుక్కలకు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇన్నేళ్ళ పరిశోధన ఒక మందును ఇవ్వడంతోపాటు, ఇంకో మందును అజాగ్రత్తగా వాడొద్దనీ చెప్పింది. మనం మొదటిది విని రెండోది వదిలేశాం.

స్టెరాయిడ్ చుక్కలే వద్దనడం తెలివితక్కువ. శుక్లాల ఆపరేషన్ తర్వాత, తీవ్రమైన అలర్జీలో అవి కావాల్సిందే. డాక్టరు మధ్యమధ్య ఒత్తిడి కొలిచి చూస్తే ముప్పు ముందే తెలుస్తుంది. సకాలంలో మానేస్తే ఒత్తిడి చాలామందిలో దిగివస్తుంది కూడా. చిక్కల్లా ఆ కొలత లేకుండా నెలలు గడవడంతోనే. గ్లకోమా నొప్పి లేకుండా పక్కచూపును ముందు తినేస్తుంది కనుక పిల్లవాడు చెప్పలేడు. పెద్దవాళ్ళకే తెలియదు: హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ జరిపిన సర్వేలో, ఇలా నొప్పి లేకుండా సాగే ఓపెన్ యాంగిల్ గ్లకోమా ఉన్నవారిలో తొంభై శాతానికి పైగా తమకు ఆ జబ్బు ఉన్నట్టే ఎరుగరని తేలింది.

చీటీ లేకుండా ఈ చుక్కలు అమ్మకూడదని చట్టం ఇప్పటికే ఉంది. అది నిద్రమాత్రలకెంత పట్టింపుగా అమలవుతుందో వీటికీ అంతే కావాలి. సీసా మీద 'కంటి ఒత్తిడి చూపించుకోకుండా వాడొద్దు' అని తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో అచ్చువేయించాలి. పాత చీటీ చూపి కొత్త సీసా అడిగితే ఇవ్వనని చెప్పే షాపతన్ని కసురుకోవడం మనం మానాలి.