నచ్చిన కారుకు లెక్కలేంటి?

గుంటూరులో ఉండే మా బాబాయి లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి కారు కొందామనుకున్నారు. బెంగళూరులో ఉన్న కొడుకు ‘పెద్ద బండి తీసుకోండి నాన్నా, దర్జాగా ఉంటుంది’ అన్నాడు. బాబాయి వింటారా! నోటుపుస్తకం తీసి, నిలువుగా గీత గీశారు.

ఆ లెక్క చూశాక నాకూ కళ్లు తిరిగాయి. రోడ్డెక్కేసరికి ఎనిమిది లక్షలయ్యే కారును అయిదేళ్లకు అమ్మితే సగం వస్తుందనుకుందాం. అంటే ఏడాదికి 80 వేలు బండి నిలబడి ఉన్నా పోయేవే. బీమా లెక్కలూ ఇంచుమించు ఇదే చెబుతాయి. తొలి ఏడాది దాటకుండానే విలువలో 15 శాతం, అయిదో ఏట 50 శాతం తగ్గించి చూస్తారు. దానికి బీమా 20 వేలు, సర్వీసింగు, టైర్ల వంతు 12 వేలు కలపండి. బాబాయి తిరిగేది నెలకు 500 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇస్తే, లీటరు 110 రూపాయల చొప్పున ఏడాదికి పెట్రోలు 44 వేలు. మొత్తం లక్షా 56 వేలు. కిలోమీటరుకు 26 రూపాయలు!

అదే కారు ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగితే, సర్వీసింగుకు మరో 8 వేలు వేసుకున్నా కిలోమీటరుకు 15 రూపాయల చిల్లరే పడుతుంది. తిరిగేకొద్దీ చౌక, ఇంటిముందు ఉంచేకొద్దీ ఖరీదు అన్నమాట.

మనవాళ్లు షోరూములో అడిగే మొదటి ప్రశ్న ‘మైలేజీ ఎంత?’ అనే. లీటరుకు 20 ఇచ్చే రకం లక్ష ఎక్కువనుకోండి. బాబాయి తిరుగుడుకు ఏడాదికి మిగిలేది 11 వేలు. ఆ లక్ష రాబట్టుకోవడానికి తొమ్మిదేళ్లు కావాలి! అప్పు చేసి కొనేవాళ్లు ఇంకో గీత గీయాలి. ఆరు లక్షలు 9 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే వాయిదా నెలకు దాదాపు 12,450. వడ్డీయే లక్షా 47 వేలు దాటుతుంది.

‘అద్దెకారు కిలోమీటరు 14కే వస్తోంది. సొంతకారు దండగ’ అని పుస్తకం మూసేశారు బాబాయి. అప్పటిదాకా కూరగాయలు తరుగుతున్న పిన్ని అంది: ‘ఏమండీ, అద్దెకారు ఎక్కితే నాకు మీటరే కనిపిస్తుంది. అక్కయ్యను చూడాలని ఉన్నా మిమ్మల్ని అడగను. మోకాళ్లతో బస్సెక్కలేక మూడేళ్లయింది తెనాలి వెళ్లి.’ గుంటూరుకు తెనాలి ఎంత దూరమని!

బాబాయి మాట్లాడలేదు. ఆ ఖర్చు ఆయన పుస్తకంలో లేదు మరి.

ఉత్త లెక్కతో కార్లు అమ్ముడుపోవనడానికి నానోను మించిన సాక్ష్యం లేదు. స్కూటరు మీద వెళ్లే కుటుంబాలకు కారు ఇవ్వాలని రతన్ టాటా కలగన్నారు. 2008లో చూపించారు, 2009లో మార్కెట్లోకి తెచ్చారు. ‘లక్ష రూపాయల కారు’ అని దేశమంతా మోగిపోయింది. 2018 నాటికి తయారీ దాదాపు ఆగిపోయింది. కారణాలు చాలా ఉన్నాయనుకోండి. కానీ అన్నిటికంటే చౌక కారని ముద్ర పడటం దెబ్బతీసిందని ఆయనే తర్వాత ఒప్పుకొన్నారు. కారంటే మనకు నలుగురిలో దిగే వాహనం. ‘చౌకది కొన్నాను’ అని చెప్పుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

అలాగని మనసు చెప్పిందల్లా వినమని కాదు. ఇష్టానికీ ఓ ధర కట్టండి. బాబాయి చివరికి అదే చేశారు. సీటు ఎత్తుగా ఉండి, మోకాళ్లు వంచకుండా ఎక్కే రకానికి 60 వేలు ఎక్కువ. అమ్మినప్పుడు సగం తిరిగొస్తుంది కాబట్టి అయిదేళ్లలో పోయేది 30 వేలు. నెలకు 500. పిన్ని మోకాళ్లకు ఆ మాత్రం పెట్టలేమా? పెట్టొచ్చన్నారు. పైకప్పు తెరుచుకునే రకానికి లక్ష ఎక్కువన్నారు. ఆ లెక్కన నెలకు 800 పైనే పోతుంది. గుంటూరు మే ఎండల్లో అది ఎవరు తెరుస్తారు? వద్దన్నారు.

మీరూ కారు కొనబోతుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని ఇలాగే రాసి చూడండి. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో నిజాయతీగా వేయండి. నచ్చిన ప్రతిదానికీ నెలకు ఎంతో రాసి, పక్కనే ‘ఎవరికోసం?’ అని రాయండి. ‘పక్కింటివాళ్ల కోసం’ అని వస్తే కొట్టేయండి.

రంగు దగ్గర మాత్రం మళ్లీ పేచీ వచ్చింది. తెలుపైతే తేలిగ్గా అమ్ముడుపోతుందని బాబాయి. ఎరుపే కావాలని పిన్ని. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. ఆ ఎర్రకారు తెనాలికి ఆరుసార్లు వెళ్లొచ్చింది. కిలోమీటరుకు ఎంత పడిందో బాబాయి ఇంకా రాస్తూనే ఉన్నారు గానీ, పిన్నికి చూపించడం మానేశారు.